లేవని వంతెన

ఇటు రండి, ఇటు జరగండి! ఆ మూల గుసగుసలు ఇక చాలు. తల్లీ, ఆ పిల్లాణ్ణి ఒళ్లోకి తీసుకో, ఏడుపు లంకించుకుంటే నా కథ కాస్తా గంగలో కలుస్తుంది. ఆ స్తంభం దగ్గర నిలబడ్డ పెద్దమనిషీ, కూర్చోవయ్యా, నిన్నేమీ గాజుతో చెయ్యలేదు, వెనకవాళ్లకి కనపడద్దూ? ఆఁ, అలాగ. ఇప్పుడు నోళ్లు మూసి చెవులు తెరవండి. నమ్మినవాళ్లు నమ్మండి, నమ్మనివాళ్లు ఊరికే వినండి.

దిమ్మిసక్క అని ఒకావిడ ఉండేది. దిమ్మిసంటే తెలుసుగా, నేల గట్టిపడాలని రెండు చేతులా ఎత్తి దబీదబీమని దంచే దుంగ. ఆవిడ వీధిలో నడిచొస్తుంటే అటకల మీద గిన్నెలు వాటంతటవే వరసలో సర్దుకునేవి. ఒకసారి తుమ్మితే పక్కింటి గడియారం ఆగిపోయింది. ఇంటివాళ్లు లబోదిబోమని వస్తే, "ఉండండమ్మా, ఇంకోటి వస్తోంది" అని మళ్లీ తుమ్మింది, గడియారం నడిచింది. ఇదివరకటికన్నా టైము సరిగ్గా చూపించిందని వాళ్లే చెప్పుకునేవాళ్లు.

అంత మనిషి ఎవరైనా ఉంటే మనవాళ్లు ఏం చేస్తారు? ఎగతాళి చేస్తారు. చేశారు కూడా. కానీ ఆవిడ సిగ్గుపడి మూల కూర్చునే రకం కాదు. "కమ్మరికి సుత్తి ఉంది, దర్జీకి కత్తెరుంది, నాకు నా ఒళ్లుంది" అనేది నడుం మీద చెయ్యేసుకుని. ఆవిడ వృత్తే బరువు మరి! ఊళ్లో కొత్త మంచం నేసినా, బల్ల చేసినా, మేడకి మెట్లు కట్టినా, సినిమా హాల్లో బాల్కనీ పోసినా, ముందు దిమ్మిసక్క ఎక్కాలి. ఆవిడ ఎక్కి, దిగి, "లేచింది!" అని అరిస్తేనే జనం కాలు పెట్టేవాళ్లు.

ఆ అరుపు సంగతి చెప్పకపోతే మీకు మిగతాది ఎక్కదు. బరువు పడితే ఏదైనా వంగుతుంది. కర్ర వంగుతుంది, ఇనుము వంగుతుంది, రాయి కూడా వంగుతుంది. రాయి వంగడమేంటక్కా అని నవ్వితే, "నీ కంటికి తెలీదురా, నా పాదానికి తెలుస్తుంది" అనేది. వంగడం తప్పు కాదు. బరువు దిగిపోయాక అది మళ్లీ తన చోటికి తను రావాలి, అదీ ఆవిడ లెక్క. వచ్చిందా, దానికి ఇంకా ప్రాణం ఉంది. రాలేదా, విరక్కపోయినా సరే, లోపల ఎక్కడో పట్టు జారిపోయింది. అందుకే ఎక్కేముందు పక్కన ఒక గుంజ పాతించేది, వస్తువు ఏ ఎత్తులో ఉందో గుంజ మీద సున్నంతో గీత గీయించేది. ఎక్కేది. దిగేది. దిగి గీత వైపు చూసేది.

ఊరివాళ్ల గోల వేరు. వాళ్లకి అక్క ఎక్కడమే వేడుక. బల్ల కిర్రుమంటే ఈలలు, మెట్లు ఊగితే చప్పట్లు. ఆవిడ దిగేసరికి సగంమంది ఇళ్లకి వెళ్లిపోయేవాళ్లు. "అక్క ఎక్కింది, ఇంక ఢోకా లేదు" అనుకునేవాళ్లు. ఆవిడ ఎక్కితే చాలు, ఆ వస్తువుకి ఏదో బలం పట్టేస్తుందని వాళ్ల నమ్మకం. దిగాక గీత చూసేది మాత్రం ఆవిడొక్కతే.

ఇలా ఉండగా కాలవ మీద వంతెన వచ్చింది.

కాలవకి ఇవతల ఇళ్లు, అవతల బట్టల మిల్లు. మిల్లులో పనిచేసే ఆడవాళ్లంతా రోజూ లాకుల దాకా నడిచి, ఆ తలుపుల మీద కాలవ దాటి, చుట్టు తిరిగి, మళ్లీ ఇటు నడిచి రావాలి. దిమ్మిసక్క కూతురూ అందులోనే. ఇంటికొచ్చి చెప్పులు విప్పితే పాదాలు చూళ్లేకపోయేవాళ్లు. ఒక మనిషి వెనక ఒక మనిషి నడిచేంత సన్న వంతెన చాలు, వేస్తే పుణ్యముంటుందని అందరూ మొత్తుకున్నారు. ఆ పని పట్టింది ఎవరనుకున్నారు? అక్క మరిదే. మొగుడికి స్వయానా తమ్ముడు. వెల్డింగు పనివాడు. మొహానికి నల్లద్దాల ముసుగు వేసుకునే మనిషి కాబట్టి, అబద్ధమాడేటప్పుడు ఆ మొహం ఎలా ఉంటుందో ఎవరూ సరిగ్గా చూళ్లేదు.

ఇనప పైపులతో వంతెన తయారైంది. నీలం రంగు వేశాడు. నిగనిగలాడుతోంది. సాయంత్రం మిల్లు సైరన్ కొట్టగానే ఆడవాళ్లంతా దీని మీదనుంచే వస్తారని డప్పు కొట్టించాడు. పొద్దున్నే దిమ్మిసక్క వచ్చింది. కాలవ మధ్యలో గుంజ, గుంజ మీద తెల్లగా గీత. చెప్పులు ఒడ్డున విడిచి, చీర కుచ్చిళ్లు ఎత్తి దోపి, నడిచింది. నడుమ దాకా వెళ్లి నిలబడింది. వంతెన ఊఁ అని మూలిగి జానెడు దిగింది. ఒడ్డున జనం గంతులేశారు.

"ఆగింది! అక్కనే మోసింది!"

"ఇంక దీని మీద లారీ తోలచ్చురోయ్!"

అక్క తిరిగొచ్చింది. చెప్పులు తొడుక్కుంటూ గుంజ వైపు చూసింది. వంతెన గీత దగ్గరికి రాలేదు. కిందే ఉంది. సరే, కాస్త ఊపిరి తీసుకుంటుందేమోలే అని ఆగింది. ఓ పాట పాడుకుంది. ఇంకో పాట పాడుకుంది. ఒడ్డున ఉన్న ఒకరిద్దరు ఆ పాట భరించలేక వెళ్లిపోయారు కానీ వంతెన మాత్రం కదల్లేదు. ఆవిడ కళ్లు నడుమ పైపుల మీద పడ్డాయి. అక్కడ రంగు ఏటవాలు చారలుగా చిట్లింది. నీలం పెచ్చులు నీళ్లలో తేలిపోతున్నాయి. రంగు పెళుసుది, ఇనుము ఎక్కడ సాగితే అక్కడ ముందు అదే ఊడుతుంది.

మరిది నవ్వుకుంటూ వచ్చాడు. "ఏంటొదినా ఆలస్యం? అరిచెయ్."

"లేవకుండా ఏమని అరవనయ్యా?"

"ఎక్కడ లేవలేదు?"

"గీత చూడు."

చూశాడు. "ఇదా? రెండు వేళ్లు! నువ్వు ఎక్కాక రెండు వేళ్లే దిగిందంటే దానికి దండెయ్యాలి. నువ్వు నా మీద కూర్చుంటే నేను భూమిలోకి దిగిపోనూ?"

"నీ మీదనుంచి నడిచి ఎవరూ ఇంటికి రారు కదా."

"విరిగిందా వదినా? విరగలేదు. ఇంకేం కావాలి?"

"విరిగితే అందరికీ కనపడుతుంది, నేనెందుకు మధ్యలో?" అంది అక్క. "ఇవి కొత్త పైపులేనా?"

"కొత్తవే. కొత్తవి కాకపోతే?"

"కొత్తవైతే నా మొహం చూసి చెప్పేవాడివి. నా కాళ్లు చూస్తున్నావేంటి?"

మరిది మొహం మాడిపోయింది. అంతలోనే గుండెలు విరుచుకుని ఒడ్డు ఎక్కాడు. "ఆవిడకి గొంతు పట్టేసింది. ఆవిడ తరఫున నేనే చెప్తున్నా. లేచింది!" అని తనే అరిచేశాడు. జనం ఈలలేశారు. అంతే! ఇన్నేళ్లుగా ఆవిడ నోటినుంచి రావాల్సిన మాట ఇంకొకడి నోట్లోంచి వచ్చింది, ఊరు పట్టించుకోలేదు.

దిమ్మిసక్క గిరుక్కున వెనక్కి తిరిగింది. ఇంటికెళ్లింది. పీట చంకలో పెట్టుకుని వచ్చింది. వంతెన ఎక్కింది. సరిగ్గా నడుమ పీట వేసుకుని కూర్చుంది. ఇటు కమ్మీ నుంచి అటు కమ్మీ దాకా ఆవిడే. సీసాకి బిరడా బిగించినట్టయింది వంతెన.

"వదినా! ఏంటిది?"

"కూర్చున్నా. కనపడట్లా?"

"దిగు!"

"దిగను. సైరన్ కొట్టేసరికి మిల్లు పిల్లలంతా ఒక్కసారి తోసుకుంటూ వస్తారు. నన్ను దాటి ఒక్కళ్లు వస్తే నా పేరు మార్చెయ్. అసలు నీకు తెలీదు గానీ, నేను ఊరికే కూర్చోలేదు. ఎక్కి దిగితే రెండు వేళ్లన్నావ్ కదా. ఎక్కి దిగకపోతే ఏమవుతుందో పగలంతా చూద్దువుగాని."

"పడిపోతే?"

"పడితే నేనొక్కదాన్నే పడతా. నాకు ఈత వచ్చు. నన్ను తట్టుకోవడం కాలవకే కష్టం."

గంట గడిచేసరికి రెండు ఒడ్లూ కిటకిటలాడిపోయాయి. మరిది ఒంటికాలి మీద లేచి, పరుగున వెళ్లి అన్నని పట్టుకొచ్చాడు. అక్క మొగుడు దర్జీ. మనిషి దారప్పోగులా ఉంటాడు. గాలి వీస్తే బయటికి వెళ్లేముందు జేబులో ఇస్త్రీపెట్టె పెట్టుకునేవాడంటారు. మెడలో టేపు, చెవి మీద సుద్దముక్కతో వచ్చి నిలబడ్డాడు.

"అన్నయ్యా, నీ పెళ్లాన్ని దిగమను!"

దర్జీ గొంతు సవరించుకున్నాడు. "ఏమేవ్..."

"టేపు తెచ్చావా?" అంది అక్క.

"తెచ్చా."

"నీళ్లలోకి దిగి, ఆ గుంజ మీద గీత నుంచి వంతెన ఎంత కిందుందో కొలువు. కొలిచి గట్టిగా చెప్పు."

దర్జీ తమ్ముడి వైపు చూశాడు, పెళ్లాం వైపు చూశాడు. పంట్లాం మడిచి కాలవలోకి దిగాడు. తమ్ముడు నెత్తి కొట్టుకున్నాడు. "నేను దింపమంటే నువ్వు దిగుతావేంటన్నయ్యా!"

ఛాతీ లోతు నీళ్లలో నిలబడి, గుంజకి టేపు పట్టి, సుద్దతో చిన్న గీత పెట్టి, కొట్లో చొక్కా కొలిచినట్టే అరిచాడు. "నడుం దగ్గర పొద్దుటికన్నా బెత్తెడు జారింది! వదులుగానే ఉంది!"

కాసేపాగి మళ్లీ కొలిచాడు. "ఇంకాస్త జారింది! ఇలాగైతే మోకాలి దాకా వస్తుంది!"

అక్క కదల్లేదు. పీట మీద ఎలా కూర్చుందో అలాగే ఉంది. పీటకీ ఆవిడకీ మధ్య చీమ దూరలేదు. కానీ వంతెన దిగుతూనే ఉంది, కంటికి తెలీకుండా, నిద్రపట్టే మనిషి తల వాలినట్టు. నీలం పెచ్చులు రాలుతూనే ఉన్నాయి. చేపలు వాటిని రుచి చూసి ఉమ్మేస్తున్నాయి.

మధ్యాహ్నం అయింది. పక్కింటావిడ పొడుగాటి వెదురుకి క్యారేజీ కట్టి వంతెన మీదకి చాపింది. మరిదికి అప్పుడు బుర్రలో దీపం వెలిగింది.

"చూశారా! చూశారా! ఆవిడ తింటోంది. తిన్నకొద్దీ బరువు పెరుగుతోంది. అందుకే వంతెన దిగుతోంది! నా తప్పేముంది?"

"నిజమే కదా" అన్నారు జనం. జనానికి ఏది చెప్పినా నిజమే.

దిమ్మిసక్క క్యారేజీ మూత తీసింది. ఆవిరి మొహానికి తగిలింది. కళ్లు మూసుకుంది. మళ్లీ మూత పెట్టి, వెదురుకి తగిలించి, వెనక్కి తోసింది. ఆవిడ పుట్టాక భోజనం వెనక్కి పంపడం అదే మొదలు. ఒడ్డున కుక్కలు సైతం లేచి నిలబడ్డాయి.

"ఇదిగో, మెతుకు ముట్టను. మంచినీళ్లూ తాగను. నా బరువు తగ్గడమే గానీ పెరగదు. ఇప్పుడు వంతెన దిగితే ఎవరిదా తప్పు? చెప్పు!"

మరిది ఆకాశం వైపు చూశాడు, మబ్బేమైనా దొరుకుతుందేమోనని. దొరకలేదు.

సాయంత్రానికి ఆవిడ కడుపులో పేగులు కచేరీ పెట్టాయి. ఆ శబ్దానికి అవతలి ఒడ్డున మిల్లు వాచ్‌మన్ యంత్రమేదో పాడైందనుకుని లోపలికి పరిగెత్తాడు. నీళ్లలోంచి దర్జీ అరుపు మాత్రం ఆగలేదు. పెదాలు నీలం రంగు తిరిగాయి. "జానెడు దాటింది... ఇంకా దిగింది... ఏమేవ్, మనిద్దరికీ జలుబు ఖాయం!"

"ఇంట్లో మిరియాలున్నాయి, కొలువు!"

అప్పుడు కొట్టింది సైరన్.

మిల్లు గేటు తెరుచుకుంది. పగలంతా నిలబడి పనిచేసిన ఆడవాళ్లు, జుట్టు నిండా దూది, చేతుల్లో ఖాళీ డబ్బాలు. పొద్దున డప్పు విన్నారు కదా, నవ్వుకుంటూ పరుగెత్తుకొచ్చారు. వంతెన మొదట్లో ఆగిపోయారు. అందరికన్నా ముందు అక్క కూతురు.

"అమ్మా! ఏం చేస్తున్నావ్ నువ్వు?"

"కూర్చున్నా."

"లే అమ్మా! అందరూ చూస్తున్నారు. పరువు తీస్తున్నావ్. పగలంతా నిలబడ్డాం మేం, ఇవాళైనా చుట్టు తిరక్కుండా పోదామనుకుంటే నువ్వే అడ్డం! ఈ పాదాలు చూడు, చూడు!"

"చూశాను. రోజూ చూస్తున్నా. ఆ పాదాల కోసమే కూర్చున్నా."

"బాబాయి చెప్పాడుగా బాగుందని!"

ఇటు ఒడ్డునుంచి మరిది చేతులూపాడు. "రండమ్మా, రండి! మా వదినకి పంతం, అంతే! ఒక్కసారి తోస్తే లేస్తుంది!"

వెనకవాళ్లు ముందువాళ్లని నెట్టడం మొదలెట్టారు. ఎవరో "ఏనుగుని దింపండర్రా" అన్నారు. నవ్వులు. దిమ్మిసక్కకి పగలంతా రాని ఏడుపు అప్పుడొచ్చింది. కొంగుతో కళ్లు ఒత్తుకుంది. కూతురి కళ్లలోకి చూసింది.

"ఒసేయ్, నన్ను తర్వాత తిడుదువుగాని. మీ నాన్న వైపు చూడు. గుంజ మీద ఎన్ని గీతలున్నాయో చూడు. నేను పొద్దుటినుంచి కదల్లేదు. మెతుకు తినలేదు. అది దిగుతూనే ఉంది. నా ఒక్కదానికే ఇలా అయితే, మీరంతా ఎక్కితే ఏమవుతుంది? ఇంక నీ ఇష్టం."

పిల్ల తండ్రి వైపు చూసింది. ఛాతీ లోతులో దిగిన మనిషి వణికిపోతూ టేపు పట్టుకునే ఉన్నాడు. గుంజ మీద పైనుంచి కిందికి, మెట్ల వరసలా తెల్ల గీతలు. అన్నిటికన్నా కింద వంతెన. అమ్మ తిననిది ఆ పిల్ల ఎప్పుడైనా చూసిందా! డబ్బా కింద పెట్టింది. వెనక్కి తిరిగింది. వంతెన మొదట్లో రెండు కమ్మీలూ రెండు చేతుల్తో పట్టుకుని నిలబడింది.

"ఎవరూ ఎక్కద్దు."

"నువ్వూ మొదలెట్టావా? అచ్చం మీ అమ్మవే!"

"అవును. అమ్మనే. ఎక్కాలంటే ముందు నన్ను ఎత్తి అవతల పారెయ్యండి."

ఎవరూ ఎత్తలేదు. తల్లంత కాకపోయినా ఆ పిల్లా తక్కువదేం కాదు.

ఇంక మరిదికి పిచ్చెక్కింది. "మీ మొహాలు! నా వంతెన మీద నేనే ఎక్కి గెంతుతా, అప్పుడైనా నమ్ముతారా?" అని ఇటునుంచి ఎక్కేశాడు.

దిమ్మిసక్క మొదటిసారి భయపడింది. "వద్దయ్యా! వెనక్కి పో! నీ మీద కోపం కాదు, మాట విను! అది ఇంక ఎవర్నీ మొయ్యదు!"

"మొయ్యదా? చూడు!" ఆవిడ పీట దాకా వచ్చి గెంతాడు. "చూడండి!" మళ్లీ గెంతాడు. "చూడం..."

వంతెన విరగలేదు. ఫెళ్లుమనలేదు. అలిసిపోయిన బర్రె మడుగులో కూర్చుంటుంది చూశారా, ముందు ఒక మోకాలు, తర్వాత ఇంకో మోకాలు, ఒక నిట్టూర్పు, అలా కూర్చుంది. నీలం రంగంతా ఒక్కసారి వానలా రాలింది. నడుమ పైపులు జిలేబీల్లా తిరిగిపోయాయి. పీటతో సహా దిమ్మిసక్క, ఆవిడ పక్కన మరిది, కాలవలో! లేచిన అలకి దర్జీ ఎగిరి, టేపు చేత్తో పట్టుకునే, ఒడ్డున క్యారేజీ పక్కన పడ్డాడు. మూడు వీధుల అవతల బట్టలారేసుకున్న వాళ్ల తీగల మీద చేపలు వేలాడాయి. మిల్లు గేటు లోపల ఒక పీత హాజరు వేయించుకుందంటారు. నేను చూళ్లేదు గానీ నమ్మాను.

అక్కకి ఈతొచ్చు, మరిదికి రాదు. ఛాతీ లోతు నీళ్లే అయినా, కంగారులో కాలు ఆనక బుడుంగుమని మునిగిన వాణ్ణి కాలరు పట్టుకుని పైకి తీసింది. ఒక చేత్తో గుంజ, ఒక చేత్తో మరిది. ఒడ్డుకి మాత్రం తీసుకెళ్లలేదు.

"చెప్పు."

"వదినా, నీళ్లు... నోట్లో..."

"నోట్లో నీళ్లు తర్వాత, ముందు నిజం. ఆ పైపులెక్కడివి?"

"నాకు చలేస్తోంది వదినా."

"పొద్దుటినుంచీ మీ అన్నకీ వేస్తోంది. చెప్పు!"

"గాలివానకి కూలిన గోడౌను షెడ్డువి. వంకర పోయినవే. మంట పెట్టి, సుత్తితో సాగ్గొట్టి, తిన్నగా చేశా. తిన్నగానే ఉన్నాయి కదా అని..."

"నాకు కాదు. ఆ ఒడ్డున పిల్లలకి వినపడాలి."

"పాతవి!" అని అరిచాడు. ఆ అరుపు మిల్లు గోడకి తగిలి వెనక్కొచ్చింది. "పాత పైపులమ్మా! వంగినవే సాగ్గొట్టా! రంగేసింది అందుకే!"

అవతల అక్క కూతురు కమ్మీల మీదనుంచి చేతులు తీసింది. వెనకున్న ఆడవాళ్లు ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకున్నారు. ఏనుగన్న గొంతు ఎవరిదో గానీ మళ్లీ వినపడలేదు. ఎవరి డబ్బా వాళ్లు తీసుకుని, ఆ అరిగిన పాదాల్తోనే లాకుల దారి పట్టారు.

దిమ్మిసక్క మరిదిని ఒడ్డు మీదకి మూటలా విసిరింది. తను మెట్టుమెట్టు ఎక్కింది. చీర పిండుకుంది. ఒళ్లంతా నీలం పెచ్చులు. జనం దారిచ్చారు. ఆవిడ తలొంచుకోలేదు, ఎవర్నీ క్షమించినట్టూ చూళ్లేదు.

"రేపు పొద్దున కొత్త పైపులు తెస్తావ్," అంది మరిదితో. "తెచ్చి, వెయ్యకముందే ఒక్కొక్కటీ నా కాలి కింద పెడతావ్. ఊరంతా ఉండాలి. ఈసారి నేను ఎక్కినప్పుడు చప్పట్లు కొట్టినవాణ్ణి కాలవలో వేస్తా. దిగాక అందరూ గీత చూడాలి. అందరూ! ఇప్పుడు ఆ క్యారేజీ ఇటివ్వండి."

ఇస్తే అక్కడే గట్టు మీద కూర్చుని తినడం మొదలెట్టింది.

అంతసేపూ మునిగిన వంతెననీ, ఒడ్లు దాటిన నీళ్లనీ మార్చి మార్చి చూస్తున్న గొడుగులు బాగుచేసే పెద్దాయన గడ్డం గోక్కుని, తల పంకించి, పక్కవాడితో మెల్లగా అన్నాడు: "వంతెనకేం, దివ్యంగా ఉందయ్యా. కాలవనే కొంచెం ఎత్తుగా కట్టేశారు."